వేసి చూసిన వంతులు

డాక్టరు లేకపోయినా ఆ డయాలసిస్ సెంటరు ఒక పూట నడుస్తుంది. మా వదిన లేకపోతే నడవదు. కిడ్నీలు చేతులెత్తేసిన మనుషుల్లో ఎవరు ఏ రోజు, ఏ పూట వచ్చి ఏ మెషీన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలో చూసేది ఆవిడే. అసలు పేరు జీతం కాగితం మీదే ఉంటుంది. అక్కడందరికీ ఆవిడ వంతులమ్మ.

ఆవిడ గది అంటే గది కాదు. నీళ్లు వడకట్టే ప్లాంటు పక్కన, అద్దం అడ్డం పెట్టిన మూల. పొద్దస్తమానం ప్లాంటు హోరు. ఏసీ నేరుగా నెత్తిమీద కొడుతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా స్వెట్టరు. అద్దానికి అటువైపు పడక కుర్చీలు, ట్యూబుల్లో ఎర్రగా తిరిగే రక్తం. ఇటువైపు కంప్యూటరు తెరమీద గళ్లు, గళ్లలో పేర్లు.

వారం వారం ఏదో ఒక మెషీన్ మొరాయిస్తుంది. ఒకడికి జ్వరం, ఒకావిడకి ఊరి ప్రయాణం. అప్పుడు వదిన 'వేసి చూస్తుంది'. అది ఆవిడ మాటే. వంతులున్న అసలు టేబులే తెరిచి ఈ పేరు అక్కడ, ఆ పేరు ఇక్కడ కొట్టేసి, కొంచెం వెనక్కి వాలి మొత్తం చూసుకుంటుంది. "ఊహూ, కుదరదు" అని మూసేస్తుంది. సేవ్ చేయమంటావా అని పాత టూల్ అడిగేది. వదిన వద్దు అని నొక్కేది. సేవ్ నొక్కితే తప్ప ఏదీ లోపలికి పోయేది కాదు. ఏళ్ల తరబడి ఇదే అలవాటు.

ఆ సోమవారం పాత కంప్యూటరు చచ్చింది. వంతుల డేటాబేస్ లోపలి గదిలో వేరే మెషీన్లో ఉంది కాబట్టి దానికేం కాలేదు. పోయింది దాన్ని చూసే కిటికీ. కొత్త కంప్యూటరు మీద పాత టూల్ ఎక్కనంది. మేనేజరు ఫోన్ చేసి, "ఏదో ఒకటి ఎంచుకోమ్మా, సాయంత్రానికి నడవాలి. నీ వల్ల కాదంటే చెప్పు, బయట కంపెనీకి ఇచ్చేస్తాం" అన్నాడు. బయట కంపెనీ అంటే వదినకి ఉద్యోగం లేనట్టే. నాకు ఫోన్ చేసింది. నేను కాలేజీ సగంలో వదిలేసినవాణ్ని. ఇంట్లో వైరున్న వస్తువేది చెడినా నా నెత్తినే పడుతుంది.

మూడు టూల్స్ ఎక్కించాను. మొదటిది విమానం నడిపేవాడి ముందుండే బల్లలా ఉంది, ఎటు చూసినా బొత్తాలే. రెండోదాంట్లో పేర్లకి బదులు డబ్బాలొచ్చాయి.

"ఈ డబ్బాలేంట్రా? నా పేషెంట్లేరి?"

"దానికి మన అక్షరాలు దొరకలేదు వదినా."

"నీకు డిగ్రీ దొరకనట్టా?"

"నాకు దొరక్క కాదు, నేనే వద్దనుకున్నా."

"అయితే దీన్ని నేనూ వద్దనుకుంటున్నా. తీసెయ్."

మూడోదాంట్లో పేర్లు ముత్యాల్లా కనిపించాయి. అక్షరం పెద్దది చేసుకోవచ్చు. వెతికితే చిటికెలో దొరుకుతోంది. వదిన మొహం వెలిగింది. మందు సీసా కోసం లోపలికొచ్చిన నర్సు కూడా బాగుందంది. ఆ రోజు అక్కడికి ఊరికే కబుర్లకొచ్చిన దర్జీ తాత అద్దంలోంచి తొంగిచూసి, "నీ మరిదికి టూలు సంగతి తెలుసేమో గానీ తల్లీ, ఆ ప్యాంటు కుట్టినవాడికి మాత్రం వీడి మీద పాత పగ ఉంది" అన్నాడు. ఆయన వంతు శనివారం, బుధవారం. వంతు లేని రోజు కూడా వచ్చిపోయేవాడు.

మూడోదే ఎంచుకుంది వదిన.

మంగళవారం మధ్యాహ్నం ఒక మెషీన్ రిపేరుకి పంపాలన్నారు. వదిన కొత్త టూల్లో కూర్చుని వేసి చూసింది. వాళ్లని వీళ్లని జరిపింది. కుదర్లేదు. మూసేసింది. రాత్రి అన్నం దగ్గర మా అన్నయ్యతో అందట, "కొత్తది బంగారం. సేవ్ చేయనా, మాననా అని ప్రాణం తీయదు. మూస్తే మూసుకుంటుంది." అన్నయ్య ఊ అన్నాడు. ఆయన దేనికైనా ఊ అంటాడు.

రోజూ సాయంత్రం ఆ టేబుల్ చూసి పేషెంట్లకి మెసేజ్‌లు వాటంతటవే వెళ్తాయి. ఆ మంగళవారమూ వెళ్లాయి.

బుధవారం వదినకి సెలవు. దర్జీ తాత రాలేదు. తెరమీద ఆయన పేరు బుధవారం గడిలో లేదు, శనివారం గడిలోనే ఉంది కాబట్టి వంతు మారిందని నర్సు అనుకుంది.

గురువారం పొద్దున ఒకే మెషీన్ కోసం ఇద్దరొచ్చి, ఇద్దరూ ఫోన్లెత్తి మెసేజ్ చూపించి కొట్టుకునేదాకా వెళ్లారు. నేను వెళ్లేసరికి వదిన మొహంలో రక్తం లేదు.

"నేను సేవ్ నొక్కలేదురా. ఒట్టు. నొక్కలేదు."

మార్పులు ఎప్పుడు పడ్డాయో చూశాను. మంగళవారం మధ్యాహ్నం, ఒకదాని వెంట ఒకటి. "దీనికి నొక్కక్కర్లేదు వదినా. గడి దాటితే చాలు, లోపలికి వెళ్లిపోతుంది."

"మరి అడగాలి కదరా!" అని అరిచింది. కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పారు.

మంగళవారం తెల్లవారుజామున తీసిన కాపీ ఒకటి లోపలి మెషీన్లో ఉంది. దాన్నీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెడితే తేడాలు బయటపడ్డాయి. వదిన ఫోన్లు మొదలెట్టింది. "రండి, ఇప్పుడే రండి, తప్పు నాదే, తర్వాత తిడుదురు గాని." అందరూ దొరికారు, దర్జీ తాత తప్ప. ఆయన ఫోన్ స్విచ్చాఫ్.

"పోయిన శనివారం చేయించుకున్నాడు. ఇవాళ గురువారం" అంది వదిన. "అన్ని రోజుల నీళ్లు ఒంట్లోంచి ఎటు పోతాయిరా?"

స్కూటరు తీశాను. రాసున్న అడ్రసు ఆయన కుట్టు షాపుది. షట్టరు వేసి ఉంది, తాళం తుప్పు పట్టింది. పక్కన తాళాలు చేసేవాడు తలెత్తకుండానే, "ముసలాయనా? కూతురింటికి మారాడుగా. రైలు గేటు దాటాక, నీలం ట్యాంకున్న ఇల్లు" అన్నాడు. గేటు పడి ఉంది. సరుకుల బండి ఒక్కో పెట్టె లెక్కబెట్టుకుంటున్నట్టు పోతోంది. వెనక వదిన నా చొక్కా పిడికిట్లో బిగించి, "పోనీరా, పోనీ" అంటోంది. ఎక్కడికి పోనివ్వను? గేటు మీదికా?

కూతురు తలుపు తీసింది. "వంతు శనివారం కదా మేడమ్? మెసేజ్ వచ్చింది. నాన్న ఆయాసం అంటున్నాడు. పెద్దాసుపత్రికి పోదాం అంటే వినడు."

తాత మంచం మీద కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. పక్కన చార్జింగ్ లేని ఫోన్. వదినని చూసి నవ్వబోయాడు.

"శనివారం అన్నావుగా తల్లీ. నువ్వు మార్చావంటే ఏదో ఇబ్బంది ఉండే ఉంటుందని... ఓర్చుకున్నా."

వదిన వంగి ఆయన్ని భుజానికెత్తుకోబోయింది. ఆవిడెంత, ఆయనెంత. స్కూటరు అక్కడే వదిలి ఆటో పిలిచాను. నేనూ కూతురూ పట్టుకుంటే ముగ్గురం కలిసి ఆయన్ని అందులో కూర్చోబెట్టాం. దారంతా ఆయన ఛాతీలో నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు. వదిన ఆయన చెయ్యి వదల్లేదు.

మెషీన్ ఖాళీ చేసి పెట్టారు. ఆక్సిజన్ తొడిగారు. డాక్టరు వదినతో ఒక్క మాటే అన్నాడు, "సాయంత్రందాకా ఆగి ఉంటే నా దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు." వదిన అద్దం ఇటువైపు నిలబడి, ట్యూబులో రక్తం తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయింది. నాలుగింటికి తాతకి వెల్లకిలా పడుకునే ఓపిక వచ్చింది. అప్పుడు కూర్చుంది.

మేనేజరు సంజాయిషీ రాసిమ్మన్నాడు. ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేదు. "ముందు రేపటి వంతులు పెట్టు" అన్నాడు.

గడి దాటగానే సేవ్ అయ్యే పద్ధతి ఆపేశాను. వేసి చూసుకోడానికి విడిగా ఒక నకలు టేబుల్ కూడా చేసిచ్చాను. "ఇక్కడ ఏం చేసినా ఎవరికీ ఏం కాదు వదినా." ఆవిడ ఒక పేరు మార్చింది. మూసింది. తెరిచి చూసింది. మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది.

"పడలేదు కదా?"

"పడలేదు."

"నిజంగా?"

ఇంకోసారి తెరిచింది. కాసేపటికి కీబోర్డు పక్కకి తోసి, "ఆ మెసేజ్‌లు ఆపెయ్" అంది. ఆపాను. ఫోన్ అందుకుని పేర్ల వరసలో మొదటినుంచీ మొదలెట్టింది.

"నేనండీ, వంతులమ్మని. మెసేజ్ రాదు, నేనే చెప్తున్నా. రేపు పొద్దున. ఏ రోజని చెప్పాను? ఏదీ, మీరు చెప్పండి." విని, కళ్లు మూసుకుంది. "ఇంకోసారి చెప్పండి."