సున్నా పాయింట్ ఇరవైని సగం అన్న యాదగిరి సార్

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే పాత స్కూల్ గ్రూపులో యాదగిరి సార్ ఫొటో. మెడలో పూలదండ.

మళ్ళీ ఈయనకే సన్మానమా అనుకున్నాను. నిజం, మనసులో వచ్చిన మొదటి మాట అదే. ఫోన్ పక్కన పడేసి టీ తాగాను.

ఆ తర్వాత కింద రాసింది చదివాను. నిద్రలోనే హార్ట్ ఎటాక్.

ఫొటో పాతది. ఎప్పుడో టీచర్స్ డే నాటిది. దండ కూడా అప్పటిదే.



తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో మేమిద్దరం లెక్కల సార్లం. ఆయనకు నాలుగు, ఐదు తరగతులు. నాకు ఆరు నుంచి పైకి. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. జగడం అక్కడే మొదలైంది.

ఆరో తరగతి మొదటి రోజు నేను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. సగాన్ని దశాంశంలో ఎలా రాస్తారు?

సున్నా పాయింట్ ఐదు అనాలి. మేడ్చల్ టౌన్ పిల్లలు అనేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు, ఇంట్లో పొలం ఉన్నవాళ్ళు, ఏ అనుమానం లేకుండా సున్నా పాయింట్ ఇరవై అనేవాళ్ళు.

వాళ్ళ ఇళ్ళల్లో పొద్దస్తమానం భూమి మాటలే. ఎకరానికి నలభై గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలను కాగితం మీద 2.20 అని రాస్తారు. అంటే రెండున్నర ఎకరాలు. ఆ పిల్లలకు పాయింట్ తర్వాత వచ్చేవి గుంటలే.

ఐదో తరగతిలోనే దాన్ని సరిదిద్దాల్సిన మనిషి యాదగిరి సార్. ఆయన రైట్ కొట్టి నా దగ్గరికి పంపేవాడు.

ఒకరోజు ఆయన క్లాసు ముందు నుంచి వెళ్తున్నాను. బోర్డు మీద 1.30 + 0.30 ఉంది. పిల్లలంతా ఒక్క గొంతుతో రెండు పాయింట్ ఇరవై అన్నారు. ఒకటి పాయింట్ అరవై రావాలి. సార్ ఏమంటాడో చూద్దామని గుమ్మంలో ఆగాను.

సార్ కూడా వాళ్ళతో కలిసి రెండు పాయింట్ ఇరవై అంటూ రాసేశాడు. ముప్పై, ముప్పై అరవై. అందులో నలభై ఒక ఎకరం, మిగిలింది ఇరవై.

రాశాక నన్ను చూశాడు. బోర్డు చూశాడు. నవ్వాడు.

స్టాఫ్ రూములో నేను వదల్లేదు.

"సార్, మీరే గుంటల్లకు వోతే ఇగ పిల్లలేం గావాలె?"

"గాళ్ళ ఇంట్ల గదే సగం సార్. మీ నాయిన జెప్పింది తప్పురా అని నేనెట్ల అనాలె?"

"పరీక్ష పేపర్ దిద్దెటోనికి గుంటలు తెల్వయి."

"మీరు మస్తు బుక్కులు సదువుతరు. బాబిలోన్‌ల అరవైతోని లెక్కవెట్టిండ్రని సంబురంగ జెప్తిరి. మా పోరగాళ్ళు నలభైతోని లెక్కవెడితె మాత్రం మీకు కోపమొస్తది."

అందరూ నవ్వారు. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిస్తే మాకిదే పని.

ఆ మరుసటి ఏడాది ఐదో తరగతి ఆయన నుంచి తీసి నాకిచ్చారు. ఆయనకు మూడో తరగతి. స్కూల్ యజమాని నన్ను పిలిచి "ఇగ ఫిఫ్త్ మీదే సార్" అన్నాడు. కారణం చెప్పలేదు.

కారణం స్టాఫ్ రూము కనిపెట్టింది. నేను కంప్లైంట్ ఇచ్చానట. "గన్ని బుక్కులు సదివి గీ పనా సార్?" అని ఒక టీచరమ్మ నా మొహం మీదే అడిగింది.

నేను ఇవ్వలేదు. చెబితే ఎవరూ నమ్మలేదు.

వాళ్ళు నమ్మకపోతే పోయింది. యాదగిరి సార్ ఏమనుకున్నాడు? నాకు కావలసింది అదొక్కటే. నోరు తెరిచి అడగలేకపోయాను.

ఆయన మాత్రం ఆ తర్వాత నాతో లెక్కల మీద ఎప్పుడూ వాదించలేదు. నమస్తే సార్, మంచిగున్నరా, అంతే. నమ్మేశాడని అనుకున్నాను. ఆయన రిటైరయ్యాక మేడ్చల్ మార్కెట్లో ఎదురుపడబోతే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

నిన్న గ్రూపులో ఆ టీచరమ్మే "గణిత మేధావి" అని రాసింది. ఆయన క్లాసును గుంటల క్లాసు అని నవ్విన మనిషి ఆవిడే. యజమాని "మా సంస్థకు పునాదిరాయి" అని రాశాడు. ఆ పునాదిరాయి రిటైరైన రోజు ఈ యజమాని ఊళ్ళోనే ఉండి కూడా వీడ్కోలు సభకు రాలేదు. వాళ్ళిద్దరూ చదువుకుంటారని ఇక్కడే రాస్తున్నాను.

మధ్యాహ్నం శామీర్‌పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి సరిత గుర్తుపట్టి కుర్చీ వేసింది. పరామర్శకు ముందే నా నోట్లోంచి ఇది వచ్చేసింది.

"అమ్మా, మీ బాపు మీద నేను కంప్లైంట్ ఇయ్యలే" అన్నాను.

"ఏం కంప్లైంట్ సార్?"

చెప్పాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"బాపే యజమాని దగ్గరికి వోయి అడిగిండు సార్. ఐదోది నాతోని గాదు, పిల్లల ముంగట నేనే గుంటల్లకు వోతున్న, గా సార్‌కియ్యిండ్రి, పిల్లలు ఆగం గావొద్దు అన్నడు. మీకు ఎరుకే అనుకున్నడు."

"మరి నాతోని వాదించుడు ఎందుకు బంద్ జేసిండమ్మా?"

"ఇగ క్లాస్ సార్‌ది, నడుమల నేనేంది అనేటోడు."

నిన్నటి నుంచి తలలో ఇదే తిరుగుతోంది.

యజమానికి అసలు సంగతి తెలుసు. స్టాఫ్ రూములో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన మీద కోపం ఉంది, దాచుకోను. యాదగిరి సార్ మీద కూడా ఉంది. ఆయన మర్యాదకని ఊరుకున్నాడట. నేను దాన్ని నింద అనుకుని ఇన్నేళ్ళు మోశాను. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోవచ్చా? తెలియదు. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇదెక్కడా తగల్లేదు.

సార్, క్లాసు నాకిమ్మన్నారు, బాగుంది. వాదన ఎందుకు ఆపారు? అది క్లాసుతో పాటు ఇచ్చేసేది కాదు కదా. అది మనిద్దరిదీ.

వెళ్ళిరండి సార్. మీ మనసుకు నెమ్మది దొరకాలి.