మా చేన్లో పనిచేసే ఆమె

గనుల పని జోరుగా సాగిన రోజుల్లో యశ్వంతనగర్‌లో నాకు ఊపిరి ఆడేది కాదు. ఇనుప రాయి మోసే లారీలు తెల్లారింది మొదలు ఎర్ర దుమ్ము లేపుతూ తిరుగుతూనే ఉండేవి. ఆరేసిన చీరలు, మంచినీళ్ల బిందె మీద గుడ్డ, చివరికి నేను దగ్గితే పడే కఫం కూడా ఎర్రగానే ఉండేది. ఊరు మారక తప్పదని డాక్టరు చెప్పాక, బళ్లారి గాంధీనగర్‌లో బాడిగ ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. నా భర్త గనిలో సూపర్‌వైజరు. రోజూ బస్సులో వెళ్లి వస్తానన్నాడు.

మొదటి రెండిళ్లలోనూ "మీరు ఏమోళ్లప్పా?" అని కులం అడిగారు. మిషన్ చర్చి వాళ్లమని నిజమే చెప్పాం. మా తాతలు ఏ వాడ నుంచి ఆ చర్చికి వెళ్లారో వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. ఒకరు కొడుకు వస్తున్నాడన్నారు, ఇంకొకరు ఇల్లు అమ్మేస్తున్నామన్నారు. మూడో ఇంట్లో నా భర్త మాది కాని కులం పేరు చెప్పాడు. నేను పక్కన నిలబడి తలాడించాను.

"ఆయ్తప్పా, ఇంక అడిగేదేముండాది? సామాన్లు తెచ్చుకోండి" అంది ఇంటావిడ.

బైబిలు బియ్యం డబ్బా వెనక్కి పోయింది. నా నుదుటికి బొట్టు వచ్చింది. ఆదివారం చర్చికి పోతూ బంధువుల ఇంటికని చెప్పేదాన్ని.

ఇంటావిడ చెడ్డ మనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా మిరియాల కషాయం కాచి తెచ్చి, పక్కన కూర్చుని వీపు రాసేది. అదే నోటితో, "వాళ్లను యాడ పెట్టాల్నో ఆడే పెట్టాల. గనుల్లో పనులు దొరికేసరికి మన వీధుల్లోకి వస్తాండారు" అనేది. "అవునక్కా" అనేదాన్ని. కొన్నాళ్లకు ఆమె ఎత్తకముందే ఆ మాట నేనే ఎత్తేదాన్ని. పక్క వీధిలో ఒకరి గుమ్మం లోపల శిలువ కనిపిస్తే, "అక్కా, ఆ ఇంటోళ్లు వాళ్లే" అని నేనే వచ్చి చెప్పాను. ఆమె అడగలేదు. ఆమె చూపు వాళ్ల మీద ఉన్నంతసేపూ నా మీద ఉండదనిపించేది.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ. ఎమ్మిగనూరులో పరాయి మళ్లలో నాట్లు వేసి, చెరుకు కొట్టి నన్ను చదివించింది. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వచ్చింది, నెత్తి మీద కొత్త బియ్యం మూటతో. ఇంటావిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఎవురమ్మా ఆమె?" అని నన్ను అడిగింది.

చిన్నమ్మ నవ్వుతూ మెట్టెక్కబోతోంది. నోరు తెరిస్తే మా చర్చి వాళ్ల పలకరింపుతో "స్తోత్రం పాపా" అంటుందని నాకు తెలుసు. అందుకే తొందరపడ్డాను.

"మా చేన్లో పనిచేసేటామె, అక్కా."

చిన్నమ్మ నా మొహం చూసింది. నా బొట్టు చూసింది. మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"అవునమ్మా. వాళ్ల చేన్లోనే చేస్తాండాను. బియ్యం ఇచ్చిపోదామని వచ్చినా" అంది.

మాకు చేను లేదు. ఎప్పుడూ లేదు.

ఎండన పడి వచ్చిందని ఇంటావిడ జాలిపడి చెంబుతో నీళ్లు తెచ్చింది. చిన్నమ్మ కింద నిలబడి దోసిలి పట్టింది, ఈమె పైనుంచి పోసింది. గండం గడిచిందని నా గుండె కుదుటపడింది. ఆ క్షణంలోనే చిన్నమ్మ గోళ్లలో మట్టి నాకు కనిపించింది. ఏళ్ల తరబడి ఆ చేతి ముద్దలే తిన్నాను. అంతకుముందు ఒక్కనాడూ ఆ మట్టి నా కంట పడలేదు. ఇంటావిడ కళ్లు నాకెప్పుడు వచ్చాయో తెలియలేదు.

నెల తర్వాత ఎమ్మిగనూరు వెళ్లాను. చిన్నమ్మ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని బయటికి తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"రాండి, కూచోండి" అంది.

"చిన్నమ్మా, నన్ను తిట్టు. కొట్టు" అని ఏడ్చాను.

"మీరేం తప్పు చేసినారని? ఇల్లు పోతే యాడికి పోతారు? మీకు ఊపిరాడాల కదా."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఎంత బతిమాలినా ఆమె నోట మళ్లీ "నువ్వు" రాలేదు.

తర్వాత గనులు మూతపడ్డాయి. నా భర్త ఉద్యోగం పోయి, గాంధీనగర్ ఇల్లు ఖాళీ చేశాం. ఇంటావిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. "మీయట్లాంటోళ్లు మళ్లా దొరకరు" అంది. అప్పుడు చెప్పేయొచ్చు. ఇక పోయేదేమీ లేదు. అయినా చెప్పలేదు. ఆమె ఏడుపు నాకు కావాల్సి వచ్చింది.

చిన్నమ్మను మాతో వచ్చి ఉండమని ఎన్నోసార్లు పిలిచాను. "మీ ఇంటికి ఎవురెవురో వస్తా పోతా ఉంటారు, నేనేల?" అనేది. పోయేదాకా రాలేదు. ఆఖరి రోజుల్లో జ్వరపు మగతలో మా అమ్మను పిలిచింది, చిన్నప్పటి పశువులను పేర్లు పెట్టి పిలిచింది. నన్ను మాత్రం గుర్తుపట్టి, "మీరెప్పుడొచ్చినారు?" అంది.