పాట ఎత్తుకునే మనిషి

పోయిన వానాకాలంలో ఒక రేడియో అమ్మాయి ఫోను చేసింది. జిల్లాలో పేరున్నవాళ్ళను పిలిచి, వాళ్ళకు ఇష్టమైన ఐదు పాటలు వినిపిస్తూ, ఆ పాటల చుట్టూ వాళ్ళ జీవితం చెప్పించే కార్యక్రమమట. నన్ను పిలవడం నాకేమీ వింతగా అనిపించలేదు. దాచుకోవడం దేనికి, ఇంకా ముందే పిలవాల్సింది అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. చెప్పుల్లేని కాళ్ళతో గ్రౌండుకొచ్చిన పిల్లలతో ఖోఖో జట్లు కట్టి రాష్ట్రస్థాయి కప్పులు తెచ్చాను. కదిరి బస్టాండులో ఇప్పటికీ నడివయసు ఆడవాళ్ళు నన్ను చూడగానే నడుము నిటారుగా చేసి నిలబడతారు. అది చాలు, శాలువాలు ఎవరికి కావాలి? అయినా బీరువా నిండా ఉన్నాయి లెండి.

రెండు రోజులు కూర్చుని పాటల పట్టీ రాశాను. మొదటిది ఒక కీర్తన. దాన్ని నేను విన్నది ఒకేసారి, ఎవరి పెళ్ళిలోనో, అదీ భోజనాల వరుసలో కూర్చుని. పేరున్నవాళ్ళు కీర్తనతో మొదలుపెడితే బాగుంటుందని రాశాను. రెండోది హిందీ గజలు. మిగిలిన మూడూ అలాంటివే, పదిమందీ తల ఊపేవి. పట్టీ కింద నా గురించి చెప్పబోయే మాటలు కూడా రాసుకున్నాను.

మా అమ్మ కొత్తచెరువులో నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటినా చెవులు పాముచెవులు. నేను గొణుక్కుంటూ చదువుకుంటుంటే వరండాలోంచి, "ఏందది, గట్టిగా చదువు" అంది. చదివాను.

"దీంట్లో నీవి యావి?" అని అడిగింది.

"అన్నీ నావేమా. నాకిష్టమైనవి."

"ఆ మొదటిది ఒక ముక్క పాడు."

నోరు తెరిచాను. పల్లవిలో రెండో మాట కూడా రాలేదు.

"రానిది నీదెట్ల అయితాది?" అంది అమ్మ. ముప్పై ఏళ్ళు ఈల ఊది ఊరందరినీ నిలబెట్టినదాన్ని, ఆ ప్రశ్న ముందు ఫెయిలైన పిల్లలా నిలబడ్డాను.

"సరే, నా గురించి ఏం రాసినావో చదువు" అంది.

దానిమీద నాకు ధీమా ఉంది. ప్రతి సన్మానంలోనూ చెప్పే మాటే, చెప్పినప్పుడల్లా చప్పట్లు పడతాయి. చదివాను: "మా అమ్మ నిరుపేద కూలి. మండుటెండలో కలుపు తీసి నన్ను చదివించింది."

అమ్మ నా వైపు తిరిగి, "కూలికి పోయినా. అది అబద్ధం కాదు. పోయినందుకు నాకు నామోషీ కూడా లేదు. కానీ ఆ మునుంలో ఇరవైమంది కూలికి వచ్చినారు. పాట ఎత్తుకునింది నేనొక్కదాన్నే. అది యాడా చెప్పలేదే నువ్వు? ఇన్నేండ్లుగా అందరూ అయ్యో పాపం అంటాంటే గమ్మున కూచున్నా" అంది.

లేచి లోపలికి పోయి పడుకుంది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను నేను ఎత్తు చేసి చూపించుకోవడానికి అమ్మను గుంతలో నిలబెట్టాను. అదీ ఒకసారి కాదు, బీరువాలో ఎన్ని శాలువాలున్నాయో అన్నిసార్లు.

మునుం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వేరుశనగ చేనులో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళంతా చేనుకు అడ్డంగా ఒకే వరుసలో కూర్చుని, తలా రెండు సాళ్ళు పట్టుకుని, తొలికతో గడ్డి పెకలించుకుంటూ ముందుకు జరుగుతారు. ఆ వరుసే మునుం. పాట లేకపోతే మునుం ముక్కలవుతుంది. చేతి వాటం ఉన్నవాళ్ళు ముందుకు పోతారు, లేనివాళ్ళు వెనకబడతారు. పాట ఉంటే అందరి తొలికలూ ఒకే దెబ్బకు లేచి ఒకే దెబ్బకు దిగుతాయి. పాట జోరందుకుంటే చేను జోరుగా తరిగిపోతుంది. అందుకే చేనుగల ఆసాములు మొదట మా అమ్మకు కబురు పెట్టేవాళ్ళు. ఆమె వస్తానంటే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చేవాళ్ళు.

నాకు పదేళ్ళు దాటాక సెలవుల్లో నేనూ అమ్మ పక్కన సాళ్ళు పట్టేదాన్ని. ఒక ఏడు ఆగకుండా మూడు రోజులు వాన పడింది. మా దగ్గర మూడు రోజుల వాన అంటే పండగే, కానీ వేరుశనగ చెట్టుకంటే ముందు గడ్డి లేస్తుంది. ఒక ఆసామి చేనులో కలుపుకు దిగాం. ఆయనకొక పద్ధతి ఉండేది. మునుంలో వెనకబడ్డ మనిషి లేచి ఇంటికి పోవాలి, మర్నాడు రానక్కర్లేదు. ఆ రోజు మా పక్కింటి ఆమె కూడా వచ్చింది. పచ్చి బాలింత, కాన్పయి నెల కూడా కాలేదు. ఇంట్లో గడవక వచ్చింది. నాలుగు బారలు పోయేసరికి ఆమెకు చెమటలు పట్టాయి, చెయ్యి లేవడం లేదు.

అమ్మ తల తిప్పి చూడను కూడా లేదు. పాట నిదానం చేసింది, అంతే. మబ్బును బతిమాలే పాట అది. ఎవరింటి పెండ్లికి పోతావు మబ్బా, మా చేని మీదుగా పోవమ్మా అని. ఆ 'మబ్బా' అనే మాటను సాగదీసి సాగదీసి విడిచింది. మునుమంతా నిదానించింది. నాకేమో చేతులు దురద, గబగబా రెండు బారలు ముందుకు పోయాను. అమ్మ తొలిక కామతో నా మణికట్టు మీద ఒకటి వేసింది. "పాట దాటి పోవద్దు" అంది.

గట్టు మీద కూర్చున్న ఆసామి లేచి వచ్చాడు. "ఏమ్మే, పాట సాగదీస్తాండావు? బిరీన ఎత్తుకో. రేపు మళ్ళా వాన పడితే నా చేను గడ్డిపాలే" అన్నాడు.

అమ్మ పాట ఆపింది. ఇరవై తొలికలూ ఆగిపోయాయి. "అన్నా, చేను నీది, పాట నాది. నీ చేను నువ్వు చూసుకో, నా పాట నేను చూసుకుంటా" అంది.

ఆయన మునుం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఒక్క చెయ్యీ కదలడం లేదు. తువ్వాలు భుజాన దులిపి వేసుకుని మళ్ళీ గట్టు మీదికి పోయాడు. అమ్మ అదే నిదానంతో మళ్ళీ ఎత్తుకుంది. పొద్దు వాలేలోగా చేను అయిపోయింది, ఎవరూ ఇంటికి పోలేదు. మర్నాడు తెల్లవారి, ఇంకో చేనికి పిలవడానికి మా గడప దగ్గరికి మొదట వచ్చింది ఆ ఆసామి పంపిన మనిషే.

ఇదంతా నాకు గుర్తు లేక కాదు. చెప్పుకోదగ్గ సంగతని తోచలేదు. నా సంగతి చూడండి. గ్రౌండులో పిల్లల చేత రౌండ్లు కొట్టించేటప్పుడు అందరికన్నా నిదానంగా పరిగెత్తే పిల్లను ముందు పెట్టేదాన్ని, ఆ పిల్లను ఎవరూ దాటకూడదని షరతు. పక్క స్కూలు మాస్టర్లు నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ పిల్లే పుంజుకునేది, ఆమెతోపాటు జట్టంతా. ఆ పద్ధతి నేనే కనిపెట్టానని వేదికల మీద గొప్పలు పోయాను. అది ఎవరి పద్ధతో అమ్మ అన్నం తినని ఆ మధ్యాహ్నం తెలిసింది.

పట్టీ చించేసి రేడియో అమ్మాయికి ఫోను చేశాను. నాకు ఐదు పాటలు లేవు, ఒక్కటే ఉంది, అది మా అమ్మ దగ్గర ఉంది అన్నాను. పాపం ఆ అమ్మాయి మంచిదే. "అయితే కరువు మీద బాధగా ఉండే పాటా మేడమ్?" అని ఆశగా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మా సీమ పేరెత్తితే చాలు, అందరికీ ఏడుపు వినాలనిపిస్తుంది. "మా అమ్మ ఏడుపు పాట ఒక్కటీ పాడలేదు. వానను అడిగింది, అదీ దబాయించి అడిగింది" అన్నాను.

రికార్డింగుకు పుట్టపర్తిలో ఒక గది తీసుకున్నాం, అమ్మను అక్కడికి తీసుకురండి అంది ఆ అమ్మాయి. అమ్మ ససేమిరా అంది. "కుర్చీలో కూచోని పాడేదానికి అదేమన్నా కచ్చేరీనా? చేతులు ఊరకుంటే గొంతు లేయదు. ఇంగ అందుకునేవాళ్ళు యాడుండారు ఆడ?" ఇంకా కోపం పోలేదని నాకు తెలుసు. అందుకే ఆ రోజుకు అంతటితో వదిలేసి, ఆనాటి పక్కింటి బాలింత ఇప్పుడెక్కడుందని మర్నాడు మా సొంతూరికి ఫోను చేసి అడిగాను. ఆమె ఇప్పుడు ఆ ఊళ్ళోనే నలుగురు మనవళ్ళకు అవ్వ. వాళ్ళ చేనులో వేరుశనగ కలుపుకొచ్చిందని తెలిసింది. ఆ మాట వినగానే అమ్మ చెప్పులు వెతుక్కుంది.

ఆటోలో పోయాం. రేడియో అమ్మాయి చిన్న రికార్డరు పట్టుకుని మాతో గట్టు దిగింది. చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ఫోనులో పెట్టుకున్న సినిమా పాట ఆపి, మాకు చోటిచ్చారు. అమ్మకు మోకాళ్ళు వంగవు, చిన్న పీట వేసి కూర్చోబెట్టాం. తొలిక చేతికి తీసుకుంది, రెండు దెబ్బలు వేసింది, ఎత్తుకుంది. గొంతు జీరబోయింది గానీ పాట ఎక్కడా తప్పలేదు. పక్కన ఆ ముసలామె అందుకుంది. మూడో చరణానికి ఆమెకు ఆయాసం వచ్చింది. అమ్మ తల తిప్పలేదు. 'మబ్బా' అనే మాటను సాగదీసింది.

అదే చెయ్యి, అదే పాట, పక్కన అదే మనిషి.

రేడియో అమ్మాయి గడియారం చూసుకుని వంగి, మెల్లగా, "అవ్వా, మాకు నాలుగు నిమిషాలే టైము. కొంచెం స్పీడుగా పాడతారా?" అంది.

అమ్మ తొలిక ఆగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఎందుకంటే ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు.

"డబ్బా నీది పాపా, పాట నాది. నీ డబ్బా నువ్వు చూసుకో, నా పాట నేను చూసుకుంటా."

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, తర్వాత గట్టిగా నవ్వింది, రికార్డరు మాత్రం ఆపలేదు. పాట పదకొండు నిమిషాలు సాగింది. ముసలామె ఒక్క చరణం కూడా వదలకుండా చివరిదాకా అందుకుంది.

మర్నాడు పుట్టపర్తిలో నా వంతు. మీ గురించి చెప్పండి అంది ఆ అమ్మాయి. కాగితం తీసుకుపోలేదు. "మా అమ్మ మునుంలో పాట ఎత్తుకునే మనిషి. ఆమె ఎంత నిదానంగా పాడితే చేను అంత నిదానంగా సాగాల్సిందే, ఆసామి అయినా సరే. నేను ఆమె కూతుర్ని. నాకు వచ్చిందంతా ఆ మునుంలో వచ్చిందే" అన్నాను. ఇంత గర్వంగా నేను ఏ సన్మానంలోనూ మాట్లాడలేదు.

కార్యక్రమం వచ్చిన సాయంత్రం వరండాలో అమ్మ పక్కన కూర్చుని ఫోనులో పెట్టాను. పదకొండు నిమిషాలూ ఉంచారు, అమ్మ ఆ అమ్మాయిని అన్న మాటతో సహా. అమ్మ కళ్ళు మూసుకుని, ఒళ్ళో చెయ్యి చిన్నగా ఆడిస్తూ విన్నది. అయిపోయాక, "మళ్ళా పెట్టు" అంది.

నేను పాట మొదలయ్యే చోటికి జరిపాను. అమ్మ నా చేతిమీద ఒకటి వేసింది.

"పాట గాదు, అది నాకొస్తాది. నువ్వు నా గురించి చెప్పినావే, అది పెట్టు."