లేజర్ గురించి నేనిచ్చిన సాక్ష్యం

ఆపరేషన్ బల్ల మీద పీల్చిన వాసన నాకు ఇప్పటికీ గుర్తే. జుట్టు కాలిన వాసన. కాచిన పాల మీద మీగడను పక్కకు తీసినట్టు కంటి నల్లగుడ్డు మీది పొరను తీసి, కింద లేజర్‌తో చెక్కి, మళ్ళీ ఆ పొరనే కప్పారు. నొప్పి లేదు. నా కన్ను కాలే వాసన నేనే పీల్చాల్సి రావడం మాత్రం రోతగా అనిపించింది.

అంతకంటే రోత పుట్టించే పని మర్నాడు నేనే చేశాను. కుందలహళ్ళిలోని ఆ కంటి ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళితే, కౌన్సెలర్ అమ్మాయి నన్ను వీడియో తీసే లైటు ముందు కూర్చోబెట్టింది.

"మేడమ్, ఇక్కడ తెలుగు పేషెంట్స్ జాస్తి. టూ మినిట్స్ తెలుగులో చెప్పేయండి, ప్లీజ్."

అప్పటికి నాకు అన్నీ మసగ్గానే ఉన్నాయి. అయినా చేతిలో పూలగుత్తి పెట్టాక కాదనడం ఎలా? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది. నవ్వాను. "ఇరవై ఏళ్ళ కళ్ళజోడు పోయింది, అందరూ చేయించుకోండి" అన్నాను. ఆ వీడియో బెళ్ళందూరులో మా ఆఫీసు గ్రూపుల దాకా తిరిగింది. అందులో నా నవ్వు చూస్తే నాకే వాంతి వస్తుంది.

నెల తిరక్కుండానే సంగతి తెలిసింది. దూరం చక్కగా కనిపిస్తోంది, దగ్గరే పోయింది. నాకు నలభై నాలుగు. ఇదివరకు జోడు తీసి ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుంటే చీమ తలకాయంత అక్షరమైనా చదివేదాన్ని. నలభై దాటినవాళ్ళకు హ్రస్వదృష్టి చేసే మేలు అదొక్కటే. దాన్నీ చెక్కేశారు. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరాలన్నా జోడు కావాలి. ఆసుపత్రిలో అడిగితే, "ఫారంలో రాసి ఉంది మేడమ్" అన్నారు. నిజమే, రాసి ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే.

వీడియో తీసెయ్యమని చెప్పడానికే ఒక శనివారం వెళ్ళాను. హాల్లో తలకు ఆపరేషన్‌కి వేసే నీలం టోపీ తొడుక్కుని, మందపాటి కళ్ళజోడుతో కూర్చున్న ఒకావిడ నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నా ఈడుదే.

"వీడియోలో ఉండేది మీరే కదక్కా? మీ మాట నమ్మే వచ్చినా. కె.ఆర్.పురంలో బ్లౌజులు కుడతా నేను."

"కుట్టేటప్పుడు జోడు పెట్టుకుంటారా?" అని అడిగాను.

"లేదక్కా, తీసేస్తా. సూదిలో దారం ఎక్కించాలంటే తీస్తేనే బాగా కనపడతాది. బస్సు నంబర్లు కనపడకనే ఈ తిప్పలంతా."

ఆ దగ్గరి చూపే పోతుందమ్మా అని చెప్పాలి. ఆవిడ కూడు అందులోనే ఉంది. నోరు తెరిచాను. అంతలో కౌన్సెలర్ అమ్మాయి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మా స్టార్ పేషెంట్" అంది. హాల్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు.

"ఇప్పుడంతా బాగుండాదా అక్కా?" అంది ఆవిడ.

"బాగుంది" అన్నాను.

ఆవిడ ముఖం తేలికపడింది. లేచి, జోడు తీసి నా చేతిలో పెట్టి, "పట్టుకోండక్కా, ఇంక దీంతో నాకేం పని" అని లోపలికి నడిచింది. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. పిలిస్తే ఆగేది. నేను పిలవలేదు.