అట్టపెట్టెలోకి వెళ్ళిన క్రేన్

1992 జూన్‌లో మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి, గల్ఫ్‌లో మేముండే సీబ్‌లో, నట్లు, బోల్టులు బిగించి ఆడుకునే సెట్టు కొన్నాను. వారం తిరక్కుండానే, ఇంటి ఎదుటి సైట్‌లో చూసిన క్రేన్‌లాంటిదే కట్టింది. దారం చుడితే కొక్కెం పైకి లేచేది. జూలైలో సెలవుకు ఇండియా వెళ్తూ అట్టపెట్టె సర్దుతుంటే, మావారు దాన్ని విప్పి డబ్బాలో పెట్టేశారు.

"తమ్ముడి కొడుక్కి ఇద్దాం. ఆడపిల్లకి ఇదెందుకే?"

"వాడికి వేరేది కొనండి. ఇది దానిది."

"పెట్టెలో ఇంకా చోటెక్కడుంది?"

ఊళ్ళో మా తోటికోడలు ఆ డబ్బాను షోకేసులో పెట్టి తాళం వేసింది.

"ఫారిన్‌ది కదక్కా, పిల్లలు పాడుచేస్తారు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. సెలవంతా మా అమ్మాయి ఆ అద్దం ముందు నిలబడి, ఏ ముక్క ఎక్కడ బిగించాలో మరిది కొడుక్కి వేలితో చూపిస్తూనే ఉంది.