తుడవని గడి

తడిగుడ్డతో నల్లబల్ల తుడుస్తుంటే ఒక వాసన వస్తుంది. సుద్దపొడీ తడిచెక్కా కలిసిన వాసన. బడికి వెళ్లిన వాళ్లందరికీ అది తెలుసు. నాకు మాత్రం అది బడిని గుర్తుచేయదు. అమీర్‌పేటలో ఒక రెండో అంతస్తు గదిలో, కింద టిఫిన్ సెంటర్ నుంచి పైకొచ్చే సాంబారు ఘుమఘుమల మధ్య, మోచేతుల దాకా సుద్ద పూసుకుని నిలబడిన నర్సింలు సార్‌ను గుర్తుచేస్తుంది. పంజాగుట్టలో మా ఆఫీసుకు ఇప్పుడు అద్దాల తలుపులున్నాయి. కిటికీ ఎత్తులో మెట్రో రైలు పోతుంటుంది. అయినా రోజూ పొద్దున్నే కొంగు దోపుకుని ఆ పాత బల్ల నేనే తుడుస్తాను. "స్క్రీన్ పెట్టించుకోవచ్చు కదా మేడమ్" అని మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లకు అంతకన్నా వింతగా కనిపించేది ఇంకోటుంది. బల్లంతా తుడిచి, అట్టడుగు వరసలో కుడిచివరి గడి ఒక్కటి మాత్రం తుడవకుండా వదిలేస్తాను. సార్‌ను చూడని వాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే ఆ గడి గురించే చెప్పాలి.

నేను తెనాలి నుంచి అమీర్‌పేటకు వచ్చింది అందరూ వచ్చిన పనికే. ఆ రోజుల్లో ఆ సందుల్లో నడవాలంటే చేతుల్లోకి ఎవరో ఒకరు జావా కరపత్రం కుక్కేవారు. లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, ఆరుగురమూ అదే కోర్సు. మా ఖర్మకొద్దీ కోర్సు పూర్తయ్యే వేళకు అమెరికాలో కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, మెట్ల గోడ మీద 'ఫారాలు నింపడానికి మనిషి కావలెను' అన్న కాగితం చూసి పైకి ఎక్కాను. అది విదేశాలకు వెళ్లేవాళ్లకు వీసా కాగితాలు సిద్ధం చేసిచ్చే ఆఫీసు. యాభై ఏళ్ల మనిషి, బుష్‌షర్టు జేబులో నాలుగు పెన్నులు, నా చేత ఒక ఫారం నింపించి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"చేతిరాత మంచిగున్నది. అబద్ధం రాస్తవా?"

"రాయనండి."

"మరింకేం. రేపటి సంది రా. గా అండీలు మాత్రం జర తెనాలిల పెట్టి రా బిడ్డా, ఈడ జాగ తక్కువున్నది."

అండీలు నేను వదల్లేదు, వెక్కిరించడం ఆయనా మానలేదు.

ఆ వీధిలో మిగతా వీసా ఆఫీసులన్నీ రంగురంగుల జెండాలతో, మంచుకొండల బొమ్మలతో కళకళలాడుతుండేవి. మా గదిలో ఉన్న అలంకారమల్లా మూతపడిన ఒక ట్యూషన్ సెంటర్ నుంచి తెచ్చిన నల్లబల్ల. దాని మీద అడ్డంగా దేశాల వరసలు. నిలువుగా ప్రశ్నలు, అదీ సార్ సొంత భాషలో: ఎవల్ని పిలుస్తరు, ఏం అడుగుతరు, ఇంటామె పని చెయ్యొచ్చా, ఎన్నేండ్లకు మనల్ని మనోళ్లంటరు. అమెరికా వరసలో, కంపెనీ పిలవాలె, ఇంటామె పని చెయ్యరాదు అని ఉండేది. కెనడాకు కంపెనీతో పనిలేదు, దిగిన దినం సందే ఉండిపోవచ్చు. జర్మనీ కంప్యూటర్ వాళ్లను రమ్మంటుంది, ఐదేళ్ల తర్వాతి మాట తర్వాతే. ఆస్ట్రేలియా వయసుకిన్ని, చదువుకిన్ని, పనికిన్ని అని పాయింట్లు వేస్తుంది. గల్ఫ్‌లో పిలిచినవాడి చేతిలోనే ఉంటాం, ఎన్నేళ్లున్నా వాళ్లవాళ్లం కాము. రూళ్లు ఊరికే మారిపోతుండేవి కనుక రోజూ పేపరు చదివి, మారినవి తుడిచి, కొత్తవి రాయడమే సార్ పొద్దుటి పూజ.

అసలు సంగతి ఆ రూళ్లలో లేదు, కుడిచివరి నిలువు గడుల్లో ఉంది. దాని పైన 'పోయినోళ్ల మాట' అని రాసి ఉండేది. ఆ గడులు పేపరు చూసి నింపకూడదు. మా దగ్గర కాగితాలు చేయించుకుని వెళ్లినవాళ్లు ఉత్తరం రాస్తేనో ఫోన్ చేస్తేనో వాళ్ల మాట వాళ్లన్నట్టుగా రాయాలి. "మా ఆవిడ ఎమ్మెస్సీ. ఇక్కడ ఇంట్లో కూర్చుని కేకులు నేర్చుకుంటోంది. కేకులు బాగుంటాయి, ఆవిడే బాగుండడం లేదు" అని అమెరికా వరసలో. "ఊళ్లో మందుల షాపు నాది, ఇక్కడ గోదాములో డబ్బాలు మోస్తున్నాను. పిల్లల బడి మాత్రం బంగారం" అని కెనడా వరసలో. "రూలు వాళ్ల సర్కారు జెప్తది. గా రూలు కింద మనిషి ఎట్ల బతుకుతుండో సర్కారుకేం ఎరుక? పోయినోడే జెప్పాలె" అనేవారు సార్. వచ్చినవాళ్లను ముందు ఆ బల్ల ఎదుట నిలబెట్టి అంతా చదివించేవారు. చదివి కొంతమంది వెళ్లిపోయేవారు కూడా. పోతే పోయిండ్రు, తెలిసి పోయిండ్రు అని మురిసిపోయేవారు. ఇలాంటి మనిషి వ్యాపారం ఎలా చేస్తున్నాడా అని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

గల్ఫ్ వరసలో మాత్రం చివరి గడి ఖాళీ. ఆయన పదకొండేళ్లు అక్కడే, ఒక కట్టడాల కంపెనీలో కూలీల కాగితాలు చూసే గుమాస్తాగా చేశారు. అందరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలో, ఆయనదీ వాటిలోనే. అంత తెలిసిన మనిషి ఆ గడి ఎందుకు నింపలేదని ఒకసారి అడిగితే, "రాస్తలే" అని పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు. జేబులో అప్పటికే నాలుగున్నాయి, ఇది ఐదోది.

ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆయనకు. పెళ్లయినవాడు ఒక్కడే వస్తే ఫైలు తెరిచేవారు కాదు. ఎదుట రెండు కుర్చీలుండేవి, రెండూ నిండాలి. "ఖాళీ కుర్చీతోని నేను మాట్లాడ" అని పంపించేసేవారు. నేనది ఆయన చాదస్తం అనుకున్నాను. నా తప్పుకు మొదలు అక్కడే ఉంది.

ఒక మధ్యాహ్నం సార్ ఖైరతాబాద్‌లో ఏదో పనుండి వెళ్లినప్పుడు బోరబండ నుంచి రవీందర్, సువర్ణ అనే జంట వచ్చారు. ఆఫీసు నా మీద వదిలారన్న గర్వంతో ఉన్నాను. రెండు కుర్చీలూ నిండాయి, రూలు పాటించానని సంబరపడ్డాను. రవీందర్ బీకామ్ చదివి, అమీర్‌పేటలోనే కంప్యూటర్ కోర్సు చేసి, రెండేళ్లు ఉద్యోగం చేశాడు. కంపెనీ మూతపడింది. చేతిలో గల్ఫ్ ఉద్యోగం ఒకటుంది గానీ ఆ జీతానికి కుటుంబాన్ని రానివ్వరు. వాళ్లకు నాలుగేళ్ల పాప. ఆ సాయంత్రం పంజాగుట్టలో ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఇక ఒక్కడే వెళ్లాలి. ముగ్గురూ కలిసి వెళ్లే దారి ఏదైనా ఉందేమోనని చివరి ఆశగా వచ్చారు.

"మరి మీ మిసెస్?" అన్నాను, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

"ఆమెది ఏం లేదు మేడమ్. నా ఎంబడి వస్తది" అన్నాడు.

నేను అక్కడో గీత గీసి, ఆస్ట్రేలియా పాయింట్లు లెక్కవేశాను. బీకామ్ కంప్యూటర్ చదువు కాదు, కోర్సు కాగితం వాళ్లకు చదువే కాదు, అనుభవం చాలదు. ఎటు కూడినా తక్కువే. "సారీ అండి" అన్నాను. సువర్ణ ఏదో అనబోయి, భర్త లేచేసరికి తనూ లేచింది. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె కాళ్లకున్న తెల్ల బూట్లు చూశాను. చీర కింద ఈ బూట్లేంటా అనుకుని అక్కడితో మర్చిపోయాను.

పది నిమిషాలకు సార్ వచ్చి కాగితం చూశారు.

"రెండో కుర్చీల కూసున్నామె ఏం పని జేస్తది?"

"ఏం లేదన్నారండి."

"ఎవరన్నరు?"

"ఆయనే."

"నువ్వు ఆమెను అడిగినవా?"

అడగలేదని చెప్పాను. తెల్ల బూట్ల సంగతి అప్పుడు గుర్తొచ్చింది, అదీ చెప్పాను. సార్ చెప్పులేసుకుని మెట్ల మీద పరుగు అందుకున్నారు, వెనక నేను. ఆటో ఎక్కితే అది కదిలితేగా. సగం దారిలో దిగి ట్రాఫిక్ సందుల్లోంచి దాదాపు పరిగెత్తాం. ఆయన జేబులోంచి పెన్నులు ఒక్కొక్కటే జారుతుంటే నేను ఏరుకుంటూ వెళ్లాను. అంత కంగారులోనూ, ఈ మనిషికి ఈ వయసులో ఇంత పరుగు ఎక్కడిదా అని ఆశ్చర్యం వేసింది.

ఏజెంటు ఆఫీసు ముందు చెరకురసం బండి దగ్గర నిలబడి ఉన్నారు వాళ్లిద్దరూ. ఒకే గ్లాసు, పాస్‌పోర్టు ఇంకా రవీందర్ చొక్కా జేబులోనే ఉంది. సార్ రొప్పుతూ బండి పట్టుకుని నిలబడి, నేరుగా సువర్ణనే అడిగారు.

"బిడ్డా, నువ్వేం పని జేస్తవ్?"

ఆమె భర్త వైపు చూసింది.

"ఆయనను ఎందుకు జూస్తవ్? నీ డ్యూటీ ఆయన జేస్తుండా?"

"నర్సును సార్. ఐసీయూల. ఏడేండ్లాయె."

"చదువు?"

"బీఎస్సీ నర్సింగ్."

సార్ నవ్విన నవ్వుకు బండివాడు మిషన్ తిప్పడం ఆపాడు. ఆస్ట్రేలియా నర్సుల కోసం చూస్తోందని మా బల్ల మీద నెల రోజులుగా రాసి ఉంది. ఆ అక్షరాలు రాసింది కూడా నేనే. అమీర్‌పేటలో ఏడాదిగా గాలి పీల్చినదాన్ని కదా, ఉద్యోగం అంటే కంప్యూటర్ ముందు కూర్చునేదే అని బుర్రలో ముద్ర పడిపోయింది. కట్టుకున్నవాడికీ అదే ముద్ర. ఏడేళ్లుగా ప్రాణాలు కాపాడుతున్న మనిషి ఇద్దరి కళ్ల ముందూ ఉండగానే 'ఏం లేదు' అయిపోయింది. ఫారంలో ఆమె పేరు ముందు రాసి, భర్త పేరు కింద రాస్తే చాలు, పాయింట్లు దండిగా ఉన్నాయి. సార్ అది చెప్పగానే రవీందర్ మొహం ఎర్రబడింది.

"అంటే నేను ఆమె ఎంబడి పోవాల్నా అన్నా? మావోళ్లు ఏమంటరు?"

"నేను ఎవ్వల ఎంబడి పోలే తమ్మీ. ఒక్కణ్నే పోయిన, పదకొండేండ్లు. మావోళ్లు మస్తు మెచ్చుకున్నరు" అన్నారు సార్. నవ్వు పోయింది ఆ గొంతులో. "గా పాస్‌పోర్టు ఏజెంటుకు ఇస్తవో నీ ఇంటామెకు ఇస్తవో నీ ఇష్టం."

రవీందర్ ఏజెంటు ఆఫీసు వైపు చూశాడు. మాట్లాడింది సువర్ణే. "నాకు ఇంగ్లీషు పరీక్షంటే భయమైతది. నువ్వు చదివిస్తవా?" అంది, ఇంట్లో ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

అతను జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఆమె చేతిసంచిలో వేశాడు. "చదివిస్త" అన్నాడు. సార్ బండివాడితో, "ఇంకో మూడు గ్లాసులు పిండు భాయ్" అన్నారు.

మర్నాడు నేను రాజీనామా కాగితం రాసుకుని వెళ్లాను. సార్ దాన్ని చదివి, చేతిరాత మంచిగున్నదని మళ్లీ మెచ్చుకుని, వెనకవైపు ఖాళీగా ఉందని దాని మీద సువర్ణ వివరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. "తప్పు జేసినోళ్లకే గా ప్రశ్న యాదుంటది. ఈరోజు సంది ఫైళ్లు నువ్వే తెరువు. రెండో కుర్చీకెళ్లి మొదలువెట్టు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. జావా ఉద్యోగం రానందుకు అప్పటిదాకా సిగ్గుపడుతూ ఉన్నదాన్ని, ఆ రోజు నుంచి మానేశాను.

ఆ తర్వాతి నెలలు మా ఆఫీసు ఒక చిన్న బడి. డ్యూటీ దిగి సువర్ణ వచ్చేది. రవీందర్ పాపను ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషులో ప్రశ్నలు వేసేవాడు. మీ హాబీ ఏమిటంటే ఆమె "స్లీపింగ్" అనేది. అలా చెప్పకూడదని అతను, నిజమే కదా అని ఆమె, పరీక్ష దాకా ఆ పంచాయితీ తెగలేదు. పరీక్ష పాసైంది. కాగితాలు వెళ్లాయి. చివరికి ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ వీసా పడిన రోజు మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చారు. పాప సార్ టేబుల్ కింద దూరి, రవీందర్ కాళ్లకు చుట్టుకుని, "నాన్నా, నువ్వు గూడ విమానం ఎక్కుతవా?" అని అడిగింది. ఎక్కుతానన్నాడు.

వాళ్లు వెళ్లాక సార్ సుద్దముక్క తీసుకుని, గల్ఫ్ వరసలో చివరి గడి నింపారు.

'మొదటిసారి సెలవు మీద వచ్చిన. మూడేండ్ల నా బిడ్డ నన్ను జూసి, మా బాపు టేప్‌రికార్డర్ల ఉంటడు, నువ్వెవరు అన్నది.'

అప్పట్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇంటికి మాటలు క్యాసెట్లలో రికార్డు చేసి పంపేవారట. ఆ పిల్లకు తండ్రంటే ఆ పెట్టెలోంచి వచ్చే గొంతే. సార్ నన్నేమీ అడగనివ్వలేదు, మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకుని ఫైళ్లు సర్దుకోసాగారు.

వారం తిరగకముందే సార్ కూతురు స్వప్న క్యారియర్ ఇవ్వడానికి వచ్చింది. డిగ్రీ చదివే పిల్ల, తండ్రిని మాట మాటకీ ఆటపట్టించేది. బల్ల ముందు నిలబడి ఆ గడి చదివింది. మళ్లీ చదివింది. సార్ అప్పుడే లేని ఫైలు కోసం బీరువాలో వెతకడం మొదలుపెట్టారు. ఆ పిల్ల సుద్ద అడిగి తీసుకుంది, ఆ అక్షరాల కింద ఇరుకులో ఏదో రాసి, "అన్నం సల్లారుతది బాపూ" అనేసి మెట్లు దిగిపోయింది. సార్ దగ్గరికి వెళ్లి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి గట్టిగా నవ్వారు.

సువర్ణ ఉత్తరం ఏడాదికి వచ్చింది. "ఈయన తొమ్మిది నెలలు ఇంట్లో ఉండి పాపను చూసుకున్నాడు. చపాతీలు గుండ్రంగా వస్తున్నాయి. ఇప్పుడు ఉద్యోగం దొరికింది, చపాతీలు మళ్లీ నా మీద పడ్డాయి" అని. ఆస్ట్రేలియా వరసలో ఆ మాటలు నా చేత్తోనే రాశాను. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదని సార్ ఆఫీసు మూసేసిన నాడు, ఏం కావాలో తీసుకోమంటే నేను ఆ బల్ల అడిగాను. ఆటోలో సగం బయటికి పెట్టి, పంజాగుట్టలో నేను తెరిచిన ఆఫీసుకు మోసుకొచ్చాను. ఆయన ఇప్పుడు కూతురి ఇంట్లో ఉంటున్నారు. ఆదివారాలు ఫోన్ చేసి, "కెనడా ఏమంటున్నది బిడ్డా?" అని పక్కింటివాళ్ల కబురు అడిగినట్టు అడుగుతారు.

ఈ పొద్దున కూడా ఒక జంట వచ్చింది. ఈసారి ఫైలు ఆవిడ చేతిలో ఉంది, మూలకు ఒదిగి కూర్చున్నది ఆయన. నేను ఆయన వైపు తిరిగి, "మీరేం చేస్తారండి?" అని మొదలుపెట్టాను. వాళ్లు వచ్చేలోగా మామూలుగానే బల్లంతా తుడిచాను, ఆ ఒక్క గడి చుట్టూ గుడ్డను జాగ్రత్తగా తిప్పుతూ. మసకబారినప్పుడల్లా రెండు చేతిరాతలనూ వాటి మీదే దిద్దుతాను. పైది సార్‌ది. కింద ఇరుకులో స్వప్నది.

'ఇప్పుడు ఇంట్లనే ఉంటుండు. మస్తు లొల్లి జేస్తుండు.'