ఉయ్యాలలో ఎర్రగడ్డలు

మా అత్త పోయింది. నంద్యాల ఆసుపత్రి నుంచి మా ఆయన ఒక మనిషితో కబురు పంపినప్పుడు నేను ఆళ్లగడ్డలో, ఇంట్లో, బియ్యం ఏరుతున్నాను. అత్తంటే మా ఆయన తల్లి. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమెను అడగాల్సిన మాట ఒకటి నాలోనే మిగిలిపోయింది.

ఆమె ఇంట్లో ఏ వస్తువూ ఊరికే ఉండకూడదు. డెబ్బైల చివర్లో మా పాప పుట్టింది. పాపకు పనికిరాకుండా పోయిన ప్రతి సామానుకూ అత్త ఇంకో పని చూసిపెట్టేది. ఉగ్గుగిన్నె లాంతర్లో కిరసనాయిలు పోయడానికి పోయింది. పక్కలో పరిచే రబ్బరు గుడ్డ మా ఆయన సైకిలు సీటెక్కింది. ఉన్ని కుల్లాయి వేడి గిన్నెలు దించే మసిగుడ్డ అయింది. దోమలు వాలకుండా పాపమీద బోర్లించే చిన్న తెరను మిద్దె మీద వడియాలకు కప్పేది. "ఇప్పుడు కాకి ముక్కు పెట్టనీ, సూస్తా" అని నవ్వేది. గుర్తుగా దాచుకుందామని నేను పెట్టెలో అడుగున పెట్టినవి కూడా వెతికి బయటికి తీసేది. పైగా ఇంటికెవరొచ్చినా "మా కోడలు అన్నీ పెట్టెలో పెట్టి బూజు పట్టిస్తాంది" అని నా మీదే చాడీలు. ఎంత విసుగు పుట్టేదో చెప్పలేను.

అయినా వాటన్నిటికీ సర్దుకున్నాను. ఉయ్యాల దగ్గర మాత్రం నావల్ల కాలేదు.

పాప బడికి పోతున్నా ఆ కొయ్య ఉయ్యాలను నేను దూలానికి అట్లాగే ఉంచాను. ఇంకో బిడ్డ పుట్టాలని నా ఆశ. అందుకే నంద్యాలలో డాక్టరమ్మ దగ్గరికి తిరిగేదాన్ని. బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకముందే దాని వైపు చూసేదాన్ని. ఒకసారి అట్లా వచ్చి చూస్తే ఉయ్యాల నిండా ఉల్లిగడ్డలు!

ఒళ్ళు మండిపోయింది. "ఏందత్తా ఇది? బిడ్డలు పండుకునేదాంట్లో ఎర్రగడ్డలేందీ?"

"అడుగంతా సందులు గదా. గాలి ఆడుతాది, కుళ్ళవు. ఎలకలకూ అందవు."

"ఇంక నాకు పుట్టరనే గదా నీ లెక్క?"

ఆమె చేట తీసుకుని పెరట్లోకి పోయింది.

అన్నీ తీసి గంపలో పోశాను. తెల్లారేసరికి మళ్ళీ ఉయ్యాలలోనే ఉన్నాయి. ఇక నేను తీయడం, ఆమె నింపడం. ఉల్లిగడ్డలు లేని కాలంలో వేరుశెనక్కాయలు పోసేది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకు వస్తే నేను సిగ్గుతో దాని మీద దుప్పటి కప్పేదాన్ని.

ఇంక తిరిగి ప్రయోజనం లేదని డాక్టరమ్మ చెప్పేసిన రోజు, ఇంటికొచ్చి నేను గొంతు చించుకుని అరిచాను. "నీ ఎర్రగడ్డలు తీసేయ్ అత్తా! నా కండ్ల ముందర ఉండకూడదు."

"తీయను" అంది ఆమె, కదలకుండా. "ఖాళీగా ఉన్నన్ని దినాలు దాన్ని సూసి ఏడుస్తాంటివి. ఇవి పోసినాక నన్ను తిడతాండావు. తిట్టు. నాకేం నొప్పి లేదులే."

ఆ మాటతో నా కోపం చల్లారిందని రాస్తే బాగుంటుందేమో. చల్లారలేదు. నన్నొక మాటైనా అడక్కుండా నా ఏడుపుకు కూడా ఇంకో పని చూసిపెట్టడానికి ఆమె ఎవరు? ఈ మాటే ఆమెను అడగాలని అప్పటినుంచీ అనుకుంటూ వచ్చాను. కాకపోతే ఆ పూట నేను అన్నం తిన్నాను. అంతకుముందు నంద్యాల నుంచి వచ్చిన రోజుల్లో ముద్ద దిగేది కాదు.

మొన్న సమాధి కార్యక్రమం ముగించుకుని వచ్చేసరికి, వచ్చినవాళ్ళకు వంట చేయాలని పక్కింటామె ఉయ్యాలంతా ఖాళీ చేసింది.

"ఎవరినడిగి తీసినావు?" నా అరుపుకు ఇంట్లో వాళ్ళందరూ తిరిగి చూశారు.

పక్కింటామె బిత్తరపోయింది. "తీసేయమని ఎప్పుడూ కొట్లాడేది నువ్వే గదమ్మా?"

నేనే. కానీ కొట్లాడటానికి ఇప్పుడు ఆ మనిషి లేదు. నిలబడ్డచోటే ఏడుపు వచ్చింది. ఉయ్యాల సందుల్లో కొంచెం ఎర్రటి పొట్టు మిగిలి ఉంది. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఒక్కో పొర లేచి నేల మీద పడుతోంది.